పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం

పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం వెయ్యకూడదని మన పెద్దలు చెప్పారు. నేనూ ఊహ తెలిసినప్పటినుంచీ ఆ మాట నలుగురికీ చెబుతూ వచ్చాను. అది తప్పయ్యే చోటు కూడా ఒకటి ఉన్నదని ఈమధ్యనే తెలిసింది. తెలిసేలోగా పధ్నాలుగేళ్ల కుర్రాడి ఆట ఒకటి నామూలంగా మట్టిగొట్టుకుపోయింది. ఆ పాపం కొంతైనా కడుక్కుందామని ఈ వారం ఈ కబురు ఎత్తుకున్నాను.

అమ్మాయినీ అల్లుణ్ణీ చూద్దామని న్యూజెర్సీ వెళ్లి ఆరునెలలు ఉండివచ్చాను. అక్కడ మా మనవడు శుక్రవారం సాయంత్రమయ్యేసరికి ఇంట్లో నిలవడు. ఒక దుకాణంలో బల్లలు వేసి ఉంటాయి. పిల్లలూ పెద్దలూ ఎదురెదురుగా కూచుని ముక్కలాడుతూ ఉంటారు. ముక్కలనగానే నాకు ప్రాణం లేచివచ్చింది. రమ్మీలో నలభై ఏళ్ల అనుభవం నాది. "పదరా, నేనూ వస్తాను" అన్నాను.

తీరా చూద్దునుగదా, రాజూ లేడు, రాణీ లేదు, జోకరూ లేడు. ప్రతి ముక్కమీదా ఒక రంగుల బొమ్మ, బొమ్మకింద ఆవగింజలంత అక్షరాలు. ఆట పేరు మేజిక్: ది గేదరింగ్. దీన్ని కనిపెట్టినాయన రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే అమెరికా గణితశాస్త్రజ్ఞుడు. 1993 ఆగస్టులో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ దీన్ని బజారులో పెట్టింది. ముక్కలు మూసిన పొట్లాలలో అమ్ముతారు. ఏ పొట్లంలో ఏముంటుందో విప్పితేగాని తెలియదు. వచ్చినవాటిలో నచ్చినవి ఏరి, చాలనివి కొనో మార్చుకునో, ఎవరి కట్ట వాళ్లు తయారుచేసుకుంటారు. కట్టలో 60 ముక్కలకు తక్కువ ఉండరాదు. మామూలు భూములు తప్ప ఒకే ముక్క నాలుగు ప్రతులకు మించరాదు.

ఆట సంగతి టూకీగా చెబుతాను. ఇద్దరికీ చెరి 20 ప్రాణాలు. ఎదుటివాడి ప్రాణాలు సున్నాకు తెస్తే మనం గెలిచినట్టు. చేతికి ఏడేసి ముక్కలు వస్తాయి. తరవాత వంతుకొక ముక్క. వంతుకొకటి చొప్పున కొండో, అడవో ఒక భూమిముక్క పరచవచ్చు. ఒక్కొక్క భూమి వంతుకు ఒక్కొక్క మానా ఇస్తుంది. మానా అంటే డబ్బనుకోండి. మొదటినెల జీతం ఒక రూపాయి, రెండోనెల రెండు, మూడోనెల మూడు. ఆ నెల జీతం ఆ నెలే ఖర్చుపెట్టాలి. దాచుకుంటే మురిగిపోతుంది. మనలాంటి సంసారులకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ డబ్బుతో కొందరు జీవుల్ని దింపుతారు. ప్రతి జీవికీ రెండు అంకెలు ఉంటాయి: ఎంత దెబ్బ కొడుతుంది, ఎంత దెబ్బ ఓర్చుకుంటుంది. మా మనవడిది మాత్రం ఎర్రకట్ట. జీవులు తక్కువ, నిప్పులు ఎక్కువ. ఆ నిప్పుల్లో తలమానికం లైట్నింగ్ బోల్ట్ అనే ముక్క. మనం పిడుగు అనుకుందాం. ధర ఒక్క మానా. కొట్టే దెబ్బలు 3. ఎదుటి జీవిమీదైనా వెయ్యవచ్చు, ఎదుటి మనిషిమీదైనా వెయ్యవచ్చు. 1993లో వచ్చిన మొదటి కూర్పునుంచీ ఉన్నది. ఆనాడు అది విరివిగా దొరికే రకమే. బొమ్మ వేసినాయన క్రిస్టఫర్ రష్. లక్షలు పలికే బ్లాక్ లోటస్ అనే ముక్కకు బొమ్మ వేసిందీ ఆయనే.

ఇక నా నిర్వాకం వినండి.

మొదటి శుక్రవారం మనవడి ఎదుట ఒక పచ్చకట్టవాడు కూచున్నాడు. మొదటి వంతులోనే అడవి ఒకటి పరచి, బర్డ్స్ ఆఫ్ ప్యారడైజ్ అనే పక్షిని దింపాడు. అది కొట్టే దెబ్బ సున్నా. ఓర్పు ఒకటి. చూడబోతే పిచ్చుక. మనవడి చేతిలో పిడుగు ఉంది, ముందు కొండ ఉంది. కాని ఆరోజు దారిలో, కారులో, వాడు పిడుగు గురించి చెబుతూంటే నేను నా పెద్దరికం వెలగబెట్టాను. "ఒరేయ్, అంతటి అస్త్రం చేతిలో ఉన్నప్పుడు పిచ్చుకలమీద పారేసుకోకు. పెద్దవాటికోసం దాచుకో" అన్నాను. కుర్రాడు ఒక్కక్షణం నావైపు చూశాడు. పిడుగు దాచుకున్నాడు.

ఆ పిచ్చుక వంతుకొక మానా ఇచ్చే పిచ్చుకట. రెండో వంతుకే ఎదుటివాడి చేతిలో మూడు రూపాయలు ఆడాయి. మూడో వంతున రావలసిన జీవి రెండో వంతునే వచ్చి కూచుంది. దాని వెనకాల ఇంకొకటి, ఇంకా పెద్దది. ఓర్పు నాలుగూ అయిదూ ఉన్నవాళ్లమీద మూడుదెబ్బల పిడుగు ఏం చేస్తుంది? మనవడు దాన్ని చేతిలో పట్టుకునే చచ్చిపోయాడు. ఆటలోనేలెండి. కాని ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. వాళ్లమ్మ అడిగితే, "తాతయ్య చెప్పినట్టు ఆడాను" అన్నాడు. అందులో కోపం లేదు. కోప్పడితే నాకే బాగుండేది.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగి వాడి గదిలోకి వెళ్లి, "ఆ ముక్క విలువ ఎట్లా కడతారో నాకు మొదటినుంచీ చెప్పరా" అన్నాను. చెప్పాడు. అది వింటే ఇల్లు గడుపుకునే ఏ ఇల్లాలికైనా కొత్తగా ఉండదు. బజారులో వస్తువు కొనేటప్పుడు మనం అడిగే ప్రశ్నలే నాలుగు. ధర ఎంత? సరుకు ఎంత? ఎక్కడెక్కడ పనికొస్తుంది? ఎప్పుడు పనికొస్తుంది?

ముందు సరుకు సంగతి. 1993లో గార్‌ఫీల్డ్ అయిదు రంగులకూ అయిదు ముక్కలు ఒకే కొలతలో చేశాడు. అన్నిటి ధరా ఒక్క మానాయే, అన్నిటిలోనూ మూడు అనే అంకే. నీలంముక్క మూడు కొత్త ముక్కలు లాగిస్తుంది. నల్లది మూడు మానాలు ఇస్తుంది. తెల్లది మూడు ప్రాణాలు నిలుపుతుంది. పచ్చది జీవికి ఆ పూటకు మూడేసి బలం పెంచుతుంది. ఎర్రది మన పిడుగు. కాగితంమీద అయిదూ సమానమే. ముప్ఫై ఏళ్లు ఆడిచూస్తే ఏమయింది? నీలంముక్క ఏన్సెస్ట్రల్ రీకాల్ మరీ బలమైనదని తేలింది. వింటేజ్ అనే పద్ధతిలో కట్టకు ఒక్కటే ఉంచుకోనిస్తారు, లెగసీ పద్ధతిలో అసలే రానివ్వరు. తెల్లముక్క హీలింగ్ సాల్వ్‌ను ఎవరూ ముట్టరు. మూడు ప్రాణాలు నిలిపినంత మాత్రాన ఆట గెలవరు, చావు ఒక వంతు వెనక్కు పోతుందంతే. మూడుకూ మూడుకూ ఇంత తేడా! పిడుగు ఈ రెంటికీ నడుమ నిలబడింది. ఆ రెండు పద్ధతుల్లోనూ నిషేధించలేదు, ఎవరూ పారెయ్యనూ లేదు. నిలకడైన సరుకంటే అదీ.

అట్లా అని దానికి కష్టాలు రాలేదనుకోకండి. 1995 నాటి నాలుగో కూర్పుదాకా ఉన్న ముక్కను 1997లో వచ్చిన అయిదో కూర్పులో ఎత్తేశారు. ఒక్క మానాకు మూడు దెబ్బలు మరీ చౌక అనిపించింది. 1998లో దాని స్థానంలో షాక్ అనేది వచ్చింది. అదే ధర, దెబ్బలు మాత్రం రెండు. అంతకుముందే 1995లో ఇన్సినరేట్ అని ఒకటి ఉన్నది. దెబ్బలు మూడే, ధర రెండు మానాలు. అసలు పిడుగు 2009లోగాని కొత్త కూర్పుల్లోకి తిరిగిరాలేదు.

ఇక్కడ మనవడు నాకు ఒక లెక్క ఇచ్చాడు. "తాతయ్యా, సరుకు తగ్గిన షాకు మేలా, ధర పెరిగిన ఇన్సినరేటు మేలా?" అన్నాడు. బజారు బుద్ధికి చౌకదే మేలనిపించింది. "చౌకదే" అన్నాను. వాడు కాగితం తీశాడు.

కట్టలో 60 ముక్కలకు 20 భూములనుకోండి, మూడో వంతు. రెండోవాడుగా ఆడితే నాలుగో వంతుకు చేతికి వచ్చిన ముక్కలు 11. అందులో భూములు సుమారు నాలుగు, నిప్పులు ఏడు. అన్నీ పిడుగులాంటివే అయితే ఏడు మూళ్లు 21. ఎదుటివాడి ప్రాణాలు 20. డబ్బు సరిపోతుందా? మొదటి మూడు వంతుల్లో 1, 2, 3 కలిపి ఆరు. ఏడోది నాలుగో వంతున. సరిపోయింది. ఎదుటివాడు కాలూ చెయ్యీ కదపకపోతే నాలుగో వంతుకు ఆట ముగిసింది.

ఇప్పుడు అన్నీ ఇన్సినరేటులే అనుకోండి. మొదటి వంతు రూపాయి మురిగిపోయింది. రెండో వంతు ఒకటి, మూడో వంతు ఒకటి, నాలుగు భూములు పడ్డాక వంతుకు రెండేసి. ఏడు వెయ్యాలంటే ఆరో వంతు వస్తుంది. అన్నీ షాకులే అయితే? రెండేసి దెబ్బలు గనక పది ముక్కలు కావాలి. డబ్బుకు లోటులేదు, ముక్కలకే లోటు. పది నిప్పులు చేతికి రావాలంటే పదిహేను ముక్కలు రావాలి. అది ఎనిమిదో వంతు. కాబట్టి మనిషినే కొట్టదలచుకున్న కట్టకు చౌకదానికంటె ఖరీదైనదే మేలు! అక్కడ కరువు డబ్బుకు కాదు, ముక్కలకు. ఏది కరువో తెలియకుండా ధర కట్టకూడదని, ఇంత వయసు వచ్చాక మనవడి దగ్గర నేర్చుకున్నాను.

పిడుగులు నాలుగే ఉంచుకోనిస్తారు గనక మిగతావాటిని దాని అక్కచెల్లెళ్లతో నింపుతారు. 1994లో చెయిన్ లైట్నింగ్, 2004లో లావా స్పైక్ వచ్చాయి. రెండూ ఒక మానాకు మూడు దెబ్బలే. కాని మొదటిది మన వంతులోనే వెయ్యాలి. రెండోదానికి ఆ కట్టుబాటూ ఉంది, పైగా జీవులమీద పనిచెయ్యదు. పిడుగు ఎవరి వంతులోనైనా వెయ్యవచ్చు, ఎవరిమీదైనా వెయ్యవచ్చు. మూడూ మూడే అయినా పిడుగు తల ఎత్తుకుని తిరగడానికి కారణం ఇదే. ఎదుటివాడు ఏం చేస్తాడో చూసి, మన తరవాతి ముక్క ఏమిటో చూసి, అప్పుడు నిర్ణయించుకోవచ్చు. తొందరపడనక్కరలేని వస్తువుకు ఇంకో పావలా ఎక్కువైనా ఇవ్వవచ్చు గదా. ఇది అదే ధరకు ఇస్తున్నది.

ఇక పిచ్చుక సంగతి. ఈ ఆటగాళ్లలో ఒక సామెతే ఉన్నదట: పక్షి కనబడితే పిడుగు వెయ్యి అని. మన సామెతకు సరిగ్గా ఎదురు! కారణం సులువే. పిచ్చుక ధర ఒక మానా, పిడుగు ధర ఒక మానా. ముక్కకు ముక్క, రూపాయికి రూపాయి చెల్లు. కాని మొదటి వంతులో పిచ్చుక బతికితే ఆట సాగినంతకాలం వాడికి రోజూ రూపాయి వడ్డీ. చంపితే ఆ వడ్డీ అంతా తెగింది. అదే పిచ్చుక ఎనిమిదో వంతులో వచ్చిందనుకోండి, అప్పటికి వాడి దగ్గర డబ్బు మూలుగుతూ ఉంటుంది. అప్పుడు దానిమీద పిడుగు వేస్తే మన పెద్దలు చెప్పిందే నిజం. సామెతలు రెండూ సరైనవే. వంతు ఎన్నోదన్నదే తేడా.

నాకు కర్ణుడు జ్ఞాపకం వచ్చాడు. కవచకుండలాలు కోసి ఇచ్చినందుకు ఇంద్రుడు శక్తి అనే ఆయుధం ఇచ్చాడు. ఒక్కసారే పనిచేస్తుంది. కర్ణుడు దాన్ని అర్జునుడికని దాచుకున్నాడు. పధ్నాలుగోనాటి రాత్రి ఘటోత్కచుడు వచ్చి కౌరవసేనను ఊచకోత కోస్తూంటే, అందరూ కలిసి ఆ శక్తిని వాడిమీద వేయించారు. కృష్ణుడు ఆనందం పట్టలేక గంతులు వేశాడు. ఈ కథ మనవడికి చెప్పి, "కర్ణుడు తప్పు చేశాడంటావా?" అని అడిగాను. వాడు కాస్సేపు ఆలోచించాడు. "వెయ్యకపోతే తెల్లారేసరికి సైన్యమే ఉండేది కాదుగా. మర్నాడు అర్జునుడిమీదికి ఎవరితో వెళతాడు? అయినా తాతయ్యా, ఆయన దగ్గర ఒకటే ఉంది. మాకు నాలుగున్నాయి" అన్నాడు. నాలుగున్నా, మొదటి ఏడు ముక్కల్లో కనీసం ఒక్కటైనా వచ్చే అవకాశం నూటికి నలభైపాళ్లేనట. అస్త్రాలు అమ్ములపొదిలో ఉండడం వేరు, చేతికి రావడం వేరు.

పిడుగును జీవిమీద వెయ్యాలా, మనిషిమీద వెయ్యాలా అన్నదే ఈ ఆటలో తెగని తగువు. ఎప్పుడెప్పుడు తెగుతుందో చూపించిన పెద్దమనుషులు కొందరున్నారు. 1996లో అట్లాంటాలో పాల్ స్లై అనే ఆటగాడు, ఎవరూ చేత్తో ముట్టని చవక గోబ్లిన్లనూ ఓర్కులనూ పేర్చి, వాటికి పిడుగులు జోడించి, మహామహుల కట్టల్ని దాటుకుని పైకి వచ్చాడు. ఆ కట్ట కూర్చింది జే ష్నైడర్ అనే ఆయన. అందులో కిటుకల్లా ఒకటే: ఏ వంతు జీతం ఆ వంతే దమ్మిడీ మురగకుండా ఖర్చయ్యేటట్టు ధరలు పేర్చడం. పిడుగులు దారికి అడ్డమొచ్చిన జీవిని తీసేవి. ఆఖరున మనిషి ప్రాణాలు అడుగంటినప్పుడు మొహానికే వెళ్లేవి.

2006లో హవాయి దీవుల్లో, హొనొలూలూ పోటీలో జరిగింది ఇప్పటికీ చెప్పుకుంటారు. సెమీఫైనల్లో ఇంగ్లండు ఆటగాడు క్రెయిగ్ జోన్స్, ఫ్రాన్సు ఆటగాడు ఒలివియే రుయెల్‌తో ఆడుతున్నాడు. జోన్స్ పని అయిపోవచ్చింది. చేతిలో చార్ అనే ముక్క ఉంది. నాలుగు దెబ్బలు కొడుతుంది, వేసినవాడికీ రెండు తగిలిస్తుంది. దాన్ని జీవిమీద వేస్తే ఒక వంతు బతికేవాడు. వెయ్యలేదు. మనిషిమీదే వేశాడు. రుయెల్ ప్రాణాలు మూడుకు దిగాయి. జోన్స్ తరవాతి ముక్క లాగి తిరగేశాడు. లైట్నింగ్ హెలిక్స్. దెబ్బలు మూడు! జనం గోలకు కప్పు ఎగిరిపోయినంత పనయిందట. అందరూ అదృష్టమన్నారు. నిజమే, ముక్క రావడం అదృష్టం. కాని అంతకుముందు నాలుగు దెబ్బలు మనిషిమీద పెట్టి ఉండకపోతే, ఆ ముక్క వచ్చినా ఉపయోగం లేకపోయేది. అదృష్టం కూచోడానికి పీట ముందు వాల్చిపెట్టాడు.

నేను తిరిగి వచ్చేసేముందు ఆఖరి శుక్రవారం మళ్లీ మనవడితో వెళ్లాను. చూసేవాళ్లు నోరు విప్పకూడదని అక్కడ నిబంధన. ఈసారి నిబంధన లేకపోయినా విప్పేవాణ్ణి కాను.

ఆఖరి ఆట. ఎదుటివాడి ప్రాణాలు 6. మనవడివి 8. వాడి చేతిలో ఒకే ఒక పిడుగు. ఎదుట వంతుకు రెండు దెబ్బలు కొట్టే జీవి. దాని ఓర్పు మూడు. పిడుగు వేస్తే ఆ జీవి చస్తుంది. కాని ఎదుటివాడి చేతిలో ఇంకా ముక్కలున్నాయి, ఇంకొకటి దింపుతాడు. అప్పుడు ఆరు ప్రాణాలు తియ్యడానికి కొత్తగా రెండు నిప్పులు రావాలి. పిడుగు దాచుకుంటే ఒక్కటి వస్తే చాలు. పెద్ద ఉపద్రవం రాకపోతే ఇంకా రెండు ముక్కలు లాగే గడువుంది.

మనవడు తల ఎత్తి నావైపు చూశాడు. ఆ మొదటి శుక్రవారం చూసిన చూపే. నేను గోడమీది బొమ్మలు చూస్తూ కూచున్నాను. అంత కష్టమైన పని ఈమధ్య ఎప్పుడూ చెయ్యలేదు.

వాడు కట్టవైపు చూశాడు. పెదవులు కదిలాయి. లెక్క వేస్తున్నాడు. పిడుగు దాచుకున్నాడు.

మొదటి ముక్క కొండ. రెండో ముక్క కూడా కొండే.

ఎదుటివాడికి చెయ్యి కలిపి, ముక్కలన్నీ పెట్టెలో సర్దుకుని, నాతో బయటికి వచ్చాడు. చలి కొరికేస్తోంది. ఏం చెప్పి ఓదార్చాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. వాడే అన్నాడు: "కట్టలో 48 మిగిలాయి తాతయ్యా. అందులో 20 మూడుదెబ్బలవి. రెండు లాగితే మూడింట రెండుపాళ్లు నేనే గెలవాలి."

"మరి?" అన్నాను.

"మూడోపాలు వచ్చింది. లెక్క తప్పలేదు. ముక్క రాలేదంతే. మళ్లీ అదే వస్తే మళ్లీ అట్లాగే ఆడతాను."

నలభై ఏళ్లు రమ్మీ ఆడాను. గెలిచిన ప్రతిసారీ నా తెలివి అనుకున్నాను. ఓడిన ప్రతిసారీ ముక్కల్ని తిట్టాను. ఏ ఆట బాగా ఆడి ఓడానో, ఏ ఆట చెడ్డగా ఆడి గెలిచానో ఒక్కనాడూ విడదీసి చూసుకున్న పాపాన పోలేదు. పేకాట ఒక్కటే అయితే సరిపెట్టుకుందును. పిల్లల చదువులూ, సంబంధాలూ, ఉద్యోగాలూ అన్నీ అదే లెక్కన తూచాను.

ఇంటికి రాగానే అమ్మాయి తలుపు తీసి, "ఏమయిందిరా?" అంది.

"ఓడిపోయాను" అన్నాడు వాడు, బూట్లు విప్పుతూ.

"బాగా ఆడాడు" అన్నాను నేను.

అమ్మాయి మా ఇద్దరి మొహాలూ చూసి, ఇందులో ఏదో ఉందనుకుని, ఇంకేమీ అడక్కుండా అన్నం వడ్డించింది.